శ్రీలంక అయిపోతామా? ఒక దేశం దివాలా తీయడమంటే అసలు ఏమిటి

2024 జనవరి 2వ తేదీ హైదరాబాద్‌లో బండి ఉన్నవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. కొత్త హిట్ అండ్ రన్ చట్టం వద్దంటూ లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారు. బంకుల్లో పెట్రోలు అయిపోతోందని ఫోన్లకు మెసేజ్‌లు రావడం మొదలైంది. నారాయణగూడలో నేను క్యూలోకి చేరేసరికి అది మలుపు తిరిగి పక్క సందులోకి పోయింది. ఒకాయన ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ పట్టుకొచ్చాడు. అందులో పొయ్యనని బంకు కుర్రాడన్నాడు, గొడవైంది. ఇంకో పక్క ఇంట్లో పసిపిల్లాడికి జ్వరమని ఒకామె బతిమాలుతోంది. ఎవరూ జరగలేదు. చంచల్‌గూడ వైపు ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి పార్సిల్ ఇచ్చొచ్చిన వీడియో ఆ రాత్రి ఊరంతా చూసింది. అదే రాత్రి సమ్మె ముగిసింది. రెండు రోజుల్లో అంతా మామూలైపోయింది.

ఆ క్యూలో నా వెనక నిలబడ్డాయన ఒక మాటన్నాడు: "శ్రీలంకలో ఇట్లనే ఉండెనంట సార్."

2022 నుంచి ఈ మాట తెలుగునాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఎన్నికల సభల్లో, టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: రాష్ట్రాన్ని శ్రీలంక చేస్తున్నారు. అధికారంలో ఉన్నప్పుడు ఆ మాట పడ్డవాళ్లే ప్రతిపక్షంలోకి వచ్చాక దాన్ని విసురుతున్నారు. ఇంతకీ అక్కడ ఏం జరిగింది? మనకు అలా జరగడానికి వీలుందా? క్యూ ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు. క్యూ దగ్గరికి వచ్చేసరికి కథ చాలావరకు నడిచిపోయి ఉంటుంది.

గాదె నిండా వడ్లున్నా మందుబిళ్ల రాదు

దేశానికి రెండు రకాల డబ్బు కావాలి. ఒకటి సొంత డబ్బు. మనకు రూపాయి, వాళ్లకు వాళ్ల రూపాయి. అవసరమైతే ప్రభుత్వం దాన్ని అచ్చు వేసుకోగలదు. రెండోది బయటి దేశాలు తీసుకునే డబ్బు, అంటే ముఖ్యంగా డాలరు. దాన్ని అచ్చు వెయ్యలేం. సంపాదించాలి, లేకపోతే అప్పు తేవాలి.

జగిత్యాల దగ్గర ఒక ఇల్లు ఊహించుకోండి. రెండెకరాల పొలం ఉంది, గాదె నిండా వడ్లున్నాయి, పెరట్లో కూరగాయలున్నాయి. తిండికి లోటు లేదు. కానీ తండ్రి బీపీ మందులకు, పిల్ల కాలేజీ ఫీజుకు, మోటారు రిపేరుకు చేతిలో నగదు ఉండాలి. ఆ నగదు దుబాయ్‌లో ఉన్న పెద్దకొడుకు పంపే 20 వేలు. ఖర్చు మాత్రం నెలకు 25 వేలు. తక్కువపడ్డ ఐదు వేలు వడ్డీకి తెస్తున్నారు. కొన్నాళ్లకు కిస్తీలు కూడా కలిసి ఖర్చు 28 వేలకు చేరింది. ఇప్పుడు పాత కిస్తీ కట్టడానికే కొత్త అప్పు కావాలి. అయినా ఇల్లు గడుస్తోంది, ఎందుకంటే అప్పిచ్చేవాళ్లున్నారు. ఒకరోజు కొడుకు పని పోయింది. అది తెలియగానే అప్పిచ్చేవాళ్లు ఇవ్వడం ఆపేశారు. గాదెలో వడ్లు అలాగే ఉన్నాయి. మెడికల్ షాపువాడు వడ్లు తీసుకోడు.

వడ్లను రూపాయలు అనుకోండి, నగదును డాలర్లు అనుకోండి. దేశానికి ఇదే జరిగితే దాన్ని చెల్లింపుల సంక్షోభం అంటారు. బీరువాలో దాచుకున్న డాలర్లను విదేశీ మారక నిల్వలు అంటారు. గడువుకు కిస్తీ కట్టలేకపోవడమే డీఫాల్ట్, వాడుకలో దివాలా. సార్వభౌమ బాండ్ అనే మాట కూడా తరచూ వింటాం. దేశం రాసిచ్చే ప్రామిసరీ నోటు అది. ఒక షావుకారుకు రాసిచ్చేది కాదు, ప్రపంచమంతా ఉన్న ఇన్వెస్టర్లకు అమ్మేది. షావుకారు ఇంటికొస్తే కాళ్లు పట్టుకుని గడువు అడగొచ్చు. వేలమంది చేతుల్లో ఉన్న నోటు విషయంలో ఎవరి కాళ్లు పట్టుకోవాలో కూడా తేలదు.

శ్రీలంక బీరువా ఖాళీ అయిన తీరు

శ్రీలంక జనాభా సుమారు 2.2 కోట్లు. చదువులోనూ వైద్యంలోనూ దక్షిణాసియాలో ముందున్న దేశం. డాలర్లు వచ్చే దారులు ముఖ్యంగా నాలుగు: బట్టల ఎగుమతి, తేయాకు, పర్యాటకులు, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు పంపే డబ్బు. పెట్రోలు, వంటగ్యాసు, మందులు, పాలపొడి, పప్పు బయటి నుంచి రావాలి. వచ్చే డాలర్ల కన్నా పోయే డాలర్లు ఎప్పుడూ ఎక్కువే. అంతర్యుద్ధం 2009లో ముగిశాక రోడ్లు, రేవులు, విమానాశ్రయం కట్టడానికి పెద్దగా అప్పులు చేశారు. వాటిలో కొన్ని డాలర్లు సంపాదించి పెట్టలేదు. ఏటేటా బాండ్లు అమ్మారు, పాతవి తీర్చడానికి కొత్తవి అమ్మారు.

2019 ఏప్రిల్‌లో ఈస్టర్ రోజు చర్చిలు, హోటళ్లలో బాంబులు పేలి 250 మందికి పైగా చనిపోయారు. అంతకు ముందటేడు 440 కోట్ల డాలర్లు తెచ్చిన పర్యాటకం అక్కడే దెబ్బతింది. నవంబరులో గోటబాయ రాజపక్స అధ్యక్షుడయ్యారు. ఇచ్చిన మాట ప్రకారం వ్యాట్‌ను 15 శాతం నుంచి 8 శాతానికి దించారు. ఏడాదికి 1.2 కోట్ల రూపాయల అమ్మకాలుంటే వ్యాట్ కట్టాలన్న పాత పరిమితిని 30 కోట్లకు పెంచారు. అంటే మామూలు దుకాణాలే కాదు, బాగా నడిచే పెద్ద దుకాణాలు కూడా పన్ను లెక్కలోంచి బయటికి పోయాయి. దేశ ఆదాయంలో 12 శాతానికి పైగా ఉన్న సర్కారు రాబడి ఒక్క ఏడాదిలో 9 శాతం దరిదాపుల్లోకి పడిపోయింది. ఇది చూసి, ఏ దేశం అప్పు తీర్చగలదో అంచనా వేసే అంతర్జాతీయ రేటింగ్ సంస్థలు శ్రీలంక రేటింగ్ తగ్గించాయి. కొత్త బాండ్లు కొనేవాళ్లు లేకుండా పోయారు. జగిత్యాల ఇంటికి అప్పు ఆగిన రోజు లాంటిదే ఇది. దీనికి తోడు కరోనా వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

2021లో డాలర్లు మిగులుతాయని, సేంద్రియ సాగుకు మారినట్టూ ఉంటుందని రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించారు. సేంద్రియ సాగు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఒక సీజను కూడా గడువివ్వకుండా దేశం మొత్తాన్ని మార్చేస్తే ఏమవుతుందో మన దగ్గర యూరియా లారీ కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి ఎదురుచూసిన రైతును అడిగితే చెబుతాడు. వరి దిగుబడి పడిపోయింది, డాలర్లు తెచ్చే తేయాకు కూడా దెబ్బతింది. బియ్యానికి పెద్దగా లోటు లేని దేశం బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. మిగులుతాయనుకున్న డాలర్లు బియ్యానికి పోయాయి. నవంబరులో నిషేధం ఎత్తేశారు కానీ అప్పటికే పంట కాలం దాటిపోయింది.

2019 చివర 760 కోట్ల డాలర్లున్న నిల్వల్లో 2022 మే నాటికి నిజంగా వాడుకోగలిగినవి 5 కోట్లు కూడా లేవని ఆర్థికమంత్రే చెప్పారు.

బ్యాంకు రేటు ఒకటి, ఉండియల్ రేటు ఒకటి

ఈ భాగం గల్ఫ్‌తో సంబంధం ఉన్న తెలుగు కుటుంబాలకు చెప్పకుండానే అర్థమవుతుంది. 2021లో డాలరుకు సుమారు 200 రూపాయలకు మించకూడదని అక్కడి కేంద్ర బ్యాంకు గట్టిగా పట్టుకుంది. బయట డాలరు దొరక్క అంతకన్నా చాలా ఎక్కువ పలుకుతోంది. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే ఒక శ్రీలంక తల్లి నెలకు 300 డాలర్లు ఇంటికి పంపుతుందనుకుందాం. బ్యాంకు ద్వారా పంపితే పిల్లల చేతికి 60 వేలు వస్తుంది. బయట రేటు 240 అనుకుంటే, ఉండియల్ వాడి చేతికిస్తే 72 వేలు. ఉండియల్ అంటే మన హవాలా. ఆమె ఏ దారి ఎంచుకుంటుంది? 12 వేలంటే పిల్లల ఫీజు. ఆమెను తప్పు పట్టలేం.

కానీ ఉండియల్ దారిలో ఆ డాలర్లు దేశంలోకి రావు. అవి బయటే ఎవరో వ్యాపారి చేతికి పోతాయి, ఇక్కడ రూపాయలు మాత్రమే చేతులు మారతాయి. బ్యాంకుల ద్వారా వచ్చే డబ్బు 2020లో 710 కోట్ల డాలర్లు ఉంటే 2021లో 550 కోట్లకు తగ్గింది. రూపాయి పరువు కాపాడాలని పెట్టిన రేటే డాలర్లు రాకుండా గేటు మూసింది. సంక్షోభాల్లో ఇది తరచూ కనిపించే ముడి. రేటు వదిలేస్తే ధరలు మండిపోతాయని ప్రభుత్వానికి భయం. పట్టుకుంటే నిల్వలు కరిగిపోతాయి. ఎంత ఆలస్యమైతే చివరికి పడే దెబ్బ అంత పెద్దది.

డాలరు 200 నుంచి 360కి వెళితే ఇంట్లో ఏమవుతుంది

2022 మార్చిలో పట్టు వదిలేశారు. మే నాటికి డాలరు 360 రూపాయలకు చేరింది. కిలో పప్పు బయటి దేశంలో ఒక డాలరనుకుందాం. నిన్న 200 రూపాయలు, ఇవాళ 360. దాన్ని తెచ్చిన లారీ డీజిలూ అదే లెక్కన పెరిగింది. అప్పు సంగతి కూడా అంతే. 100 డాలర్ల అప్పు నిన్న 20 వేల రూపాయలు, ఇవాళ 36 వేలు. కొత్తగా పైసా తేకుండానే అప్పు పెరిగి కూర్చుంది.

2022 సెప్టెంబరుకు కొలంబో వినియోగ ధరల ద్రవ్యోల్బణం దాదాపు 70 శాతానికి, తిండి ధరల పెరుగుదల 95 శాతం దగ్గరికి చేరాయి. ద్రవ్యోల్బణమంటే ధరలు పెరిగే వేగం. 30 వేల రూపాయల పింఛను తీసుకునే ఒక రిటైర్డ్ టీచరు లెక్క చూద్దాం. పింఛనులో ఒక్క రూపాయి తగ్గలేదు. కానీ ఏడాదిలో ధరలు 70 శాతం పెరిగితే ఆ 30 వేలు కిందటేడు 17,600 కొన్నంతే కొంటాయి. అదంతా తిండికే పెడితే 15,400 లెక్క. జీతం సగానికి కోస్తామని ఏ ప్రభుత్వమైనా ప్రకటిస్తే ఆ సాయంత్రానికే జనం వీధుల్లో ఉంటారు. ద్రవ్యోల్బణం ఆ పని ఏ ప్రకటనా లేకుండా చేస్తుంది. భూమి, బంగారం, డాలర్లు ఉన్నవాళ్ల ఆస్తి విలువ ధరలతో పాటే పెరుగుతుంది. రోజుకూలీకి, పింఛనుదారుకు, బ్యాంకులో నాలుగు డబ్బులు దాచుకున్నవాళ్లకు అలా పెరిగేది ఏదీ ఉండదు.

క్యూల వెనక ఉన్న ఇళ్లు

2022 మార్చి చివర రోజుకు 13 గంటల దాకా కరెంటు లేదు. ఎండలో పెట్రోలు, కిరోసిన్ క్యూల్లో గంటల తరబడి నిలబడి ముసలివాళ్లు కుప్పకూలి చనిపోయారు. కాగితం, సిరా కొనడానికి డాలర్లు లేక పశ్చిమ ప్రావిన్స్‌లో స్కూలు పరీక్షలు వాయిదా వేశారు. పరీక్ష కాగితం కూడా దిగుమతేనని అప్పటిదాకా ఏ పిల్లాడికీ తెలిసి ఉండదు. పేరాదెనియలోని పెద్దాసుపత్రి మందుల కొరతతో, ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లు ఆపేసింది. గ్యాసుబండ దొరక్క కొలంబో అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు కట్టెల కోసం తిరిగారు. రెండు గదుల ఫ్లాట్‌లో కట్టెల పొయ్యి ఎక్కడ పెట్టాలి? మన కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తులో ఉండే ఇల్లాలు ఆ ఇబ్బందిని వెంటనే ఊహించగలదు. ఇంట్లోనే కాస్త కూరగాయలు పండించుకోండని ప్రభుత్వోద్యోగులకు శుక్రవారాలు సెలవిచ్చారు.

పెద్ద అంకెలూ ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం పేదరికం 2021లో 13.1 శాతం, మరుసటేడు 25 శాతం. తేయాకు తోటల్లోనైతే సగానికి పైగా పేదలే. ఆ తోటల్లో ఆకు కోసేది ఎక్కువగా బ్రిటిష్ వాళ్ల కాలంలో తమిళనాడు నుంచి తీసుకెళ్లిన కుటుంబాల ఆడవాళ్లు. దేశానికి డాలర్లు తెచ్చే పంట వాళ్ల చేతి మీదే తయారవుతుంది. డాలర్లు అయిపోయినప్పుడు అందరికన్నా ముందు పస్తులున్నదీ వాళ్లే.

2022 మార్చిలో ఉత్తర శ్రీలంక నుంచి కొన్ని కుటుంబాలు పసిపిల్లలతో పడవెక్కి ధనుష్కోడి దగ్గర ఇసుక తిన్నెల మీద దిగాయి. యుద్ధం అయిపోయి పదమూడేళ్లయింది. ఈసారి తరిమింది బియ్యం ధర. ఆ ఏడాది 3 లక్షల మందికి పైగా ఉద్యోగాలకని దేశం దాటారు. వాళ్లలో డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లు ఉన్నారు. మందులు మళ్లీ వస్తాయి. ఆ మందు రాసే డాక్టరు మాత్రం లండన్‌లో స్థిరపడిపోయి ఉంటాడు. సంక్షోభం "ముగిసింది" అని చెప్పే అంకెల్లో ఇది కనబడదు.

ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నామని ప్రకటించారు. మొత్తం విదేశీ అప్పు 5,100 కోట్ల డాలర్లు. మే నెలలో 7.8 కోట్ల డాలర్ల వడ్డీ గడువు దాటిపోవడంతో, 1948లో స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి దేశం డీఫాల్ట్ అయింది. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు. గోటబాయ మాల్దీవులకు, అక్కణ్నుంచి సింగపూర్‌కు వెళ్లిపోయి రాజీనామా పంపారు.

తప్పెవరిది? నాలుగు వాదనలు

మన దగ్గర బాగా ప్రచారంలో ఉన్నది చైనా వాదన. అప్పులిచ్చి, తీర్చలేకపోతే హంబన్‌టోట రేవును 99 ఏళ్ల లీజుకు లాక్కున్నారన్నది దాని సారం. లీజు నిజమే, 2017లో జరిగింది. అయితే అప్పు రద్దు చేసి రేవు తీసుకున్నారన్నది సరికాదు. ఒక చైనా కంపెనీ 110 కోట్ల డాలర్లు ఇచ్చి లీజు తీసుకుంది, రేవు మీద ఉన్న అప్పు అలాగే ఉండిపోయింది. పైగా శ్రీలంక విదేశీ అప్పులో పెద్ద వాటా చైనాది కాదు, మార్కెట్లో అమ్మిన బాండ్లది. అందుకే ఇంకో వర్గం పాశ్చాత్య ఇన్వెస్టర్ల వైపు వేలు చూపిస్తుంది. రిస్కు ఎక్కువని చెప్పి ఎక్కువ వడ్డీ తీసుకున్నవాళ్లు, ఆ రిస్కు నిజమయ్యాక నష్టం మాత్రం పంచుకోబోమంటే ఎలాగని అడుగుతుంది. ఈ ప్రశ్నలో బలముంది.

మూడో వాదన పాలకులది: కరోనా, ఆ తర్వాత ఉక్రెయిన్ యుద్ధంతో పెరిగిన చమురు ధర మమ్మల్ని ముంచాయి అని. అవి అన్ని దేశాలకూ తగిలాయి, అందరూ డీఫాల్ట్ కాలేదు. పన్నుల కోత, ఎరువుల నిషేధం, రేటు పట్టుకుని కూర్చోవడం, కష్టకాలంలో దేశాలకు షరతుల మీద అప్పిచ్చే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గరికి వెళ్లడంలో ఆలస్యం, ఇవన్నీ సొంత నిర్ణయాలే అన్నది నాలుగో వాదన. నాకైతే ఇదే ఎక్కువ నిలబడేదిగా కనిపిస్తుంది. ఆర్థిక వ్యవస్థను తప్పుగా నడిపి ప్రజల విశ్వాసాన్ని వమ్ము చేశారని 2023 నవంబరులో శ్రీలంక సుప్రీంకోర్టు కూడా రాజపక్స సోదరులతో సహా పలువురిని తప్పుపట్టింది.

ఒక ఘట్టం మీద మాత్రం ఇప్పటికీ చర్చ తెగలేదు. 2022 జనవరి 18న, డాలర్లు కటకటగా ఉన్న సమయంలో, 50 కోట్ల డాలర్ల బాండ్ గడువు వస్తే ప్రభుత్వం కట్టేసింది. కట్టకపోతే పరువు పోతుంది, ఇక ఎవరూ నమ్మరన్నది ఒక లెక్క. మూడు నెలల తర్వాత ఎలాగూ ఆపేశారు కదా, ఆ డబ్బుతో మందులు, గ్యాసు వచ్చేవన్నది ఇంకో లెక్క. జరిగాక చూస్తే రెండోదే సరి అనిపిస్తుంది. కానీ జనవరిలో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఏప్రిల్ కనబడదు.

ఐఎంఎఫ్ మందు మీదా భేదాభిప్రాయాలున్నాయి. 2023 మార్చిలో సుమారు 300 కోట్ల డాలర్ల సాయం ఒప్పుకుంది, విడతలుగా. బదులుగా పన్నులు పెంచాలి, కరెంటు నష్టానికి అమ్మకూడదు. కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో ఇంకో 66 శాతం పెరిగాయి. దేశంలోపలి అప్పును సర్దుబాటు చేసేటప్పుడు బ్యాంకులను పక్కనపెట్టి, కార్మికుల ప్రావిడెంట్ ఫండ్ మీద భారం వేశారు. బ్యాంకులు కూలితే అందరి డిపాజిట్లూ పోతాయని ప్రభుత్వం చెప్పింది. అప్పు సంతకం పెట్టింది మేము కాదు, మా పీఎఫ్ ఎందుకని కార్మికులు అడిగారు. ధరల పెరుగుదల ఆగింది, నిల్వలు మళ్లీ చేరాయి. కార్మికుల ప్రశ్నకు మాత్రం ఇవేవీ సమాధానం కావు.

1991లో మనం ఎంత దగ్గరగా వెళ్లాం

ఇదంతా ఎక్కడో జరిగే సంగతి కాదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడింది. చమురు ధర ఎగిసింది. అక్కడ పనిచేసే 1.7 లక్షల మందికి పైగా భారతీయులను విమానాల్లో తెచ్చుకున్నాం. వాళ్లలో కడప, గోదావరి జిల్లాల వాళ్లు, తెలంగాణ వాళ్లు ఎందరో. మా వీధిలో అలా తిరిగొచ్చిన ఒకాయన ఒక సూట్‌కేసు, ఒక టేప్‌రికార్డరుతో దిగాడు. ఆయన పంపే డబ్బు మీద సగం కట్టిన ఇల్లు నాలుగేళ్లు స్లాబు లేకుండా అలాగే ఉంది. అలాంటి లక్ష ఇళ్ల డబ్బు ఆగితే దేశానికి డాలర్లు ఆగినట్టే. భయపడ్డ ఎన్ఆర్ఐలు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. 1991 మధ్యలో మన నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేవు.

అప్పుడు బంగారం బయటికి తీశారు. మే నెలలో 20 టన్నులు స్విస్ బ్యాంకుకు, జులైలో సుమారు 47 టన్నులు ఇంగ్లాండ్, జపాన్ కేంద్ర బ్యాంకులకు. రెండో విడత తాకట్టు మీద వచ్చింది దాదాపు 40 కోట్ల డాలర్లు. బంగారం తాకట్టు అంటే తెలుగింట్లో ఆఖరి మెట్టు, ఆ వార్త విని మా నాన్న రోజంతా మాట్లాడలేదు. జూన్ 21న ప్రధాని అయిన పీవీ నరసింహారావు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లారు. ధరలు బాగానే పెరిగాయి, సామాన్యుడు నలిగాడు. కానీ కిస్తీ ఒక్కటీ తప్పలేదు. శ్రీలంకకు మనకు ముఖ్యమైన తేడా ఇక్కడే ఉందనుకుంటాను. బీరువాలో ఇంకా ఏదో ఉండగానే తలుపు తట్టడం వేరు, అడుగంటాక తట్టడం వేరు. ఆ తర్వాతి సంస్కరణల మంచిచెడ్డల మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, అది ఈ వ్యాసం పరిధి దాటిన చర్చ.

అన్ని కూలిపోవడాలూ ఒకేలా ఉండవు

లెబనాన్‌లో ముందు కూలింది బ్యాంకులు. 1997 నుంచి డాలరుకు 1,507 పౌండ్లని రేటు బిగించి, ఎక్కువ వడ్డీ ఆశ చూపి జనం డాలర్లను డిపాజిట్లుగా తీసుకుని ప్రభుత్వానికి అప్పిచ్చారు. 2019లో నమ్మకం పోయింది, బ్యాంకులు తలుపులు మూశాయి. 2020 మార్చిలో దేశం డీఫాల్ట్ అయింది. 2023కి డాలరు 90 వేల పౌండ్ల దరిదాపుల్లో ఉంది. 2022 సెప్టెంబరులో బీరూట్‌లో ఒకామె బొమ్మ తుపాకీతో బ్యాంకులోకి వెళ్లి తన ఖాతాలోని తన డబ్బులే, 13 వేల డాలర్లు తీసుకుపోయింది. చెల్లెలి క్యాన్సర్ వైద్యానికి.

హైదరాబాద్‌లో 2001-02 ప్రాంతంలో కొన్ని అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులు మూతపడిన రోజులు చూసినవాళ్లకు ఆమె బాధ కొంత తెలుస్తుంది. మా పెద్దమ్మ కూతురి పెళ్లికి దాచిన డబ్బు అలాంటి ఒక బ్యాంకులో ఉండిపోయింది. షట్టరు దించి ఉంటుందని తెలిసి కూడా పెద్దమ్మ రోజూ పొద్దున్నే పాస్‌బుక్ సంచిలో పెట్టుకుని వెళ్లి అక్కడి మెట్ల మీద కూర్చుని వచ్చేది. అప్పుడు లక్ష దాకా డిపాజిట్ బీమా ఉండేది, ఇప్పుడు 5 లక్షలు. దేశంలోని బ్యాంకులన్నీ ఒకేసారి కూలితే ఆ బీమా ఎవరివ్వాలి?

జింబాబ్వేలో కూలింది కరెన్సీ. ప్రభుత్వం ఖర్చులకు నోట్లు అచ్చువేస్తూ పోయింది. 2008 జులైకి అధికారిక ద్రవ్యోల్బణమే 23 కోట్ల శాతం. ఏడాది చివరికి ధరలు దాదాపు రోజుకోసారి రెట్టింపయ్యాయి. మన ఇరానీ చాయ్ సోమవారం 20 రూపాయలైతే మంగళవారం 40, బుధవారం 80, శనివారం 640, ఆదివారం 1,280. వచ్చిన జీతంతో ఆ సాయంత్రమే బియ్యం కొనకపోతే మర్నాటికి సగమే వస్తుంది. 2009 జనవరిలో కోటి కోట్ల జింబాబ్వే డాలర్ల నోటు వచ్చింది, ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు. ఆ ఏడాదే సొంత కరెన్సీని పక్కనపెట్టి అమెరికా డాలర్లు వాడడం మొదలుపెట్టారు.

మరి రాష్ట్రం శ్రీలంక అవుతుందా?

ఆ రూపంలో కాదు. తెలంగాణకు గానీ ఆంధ్రప్రదేశ్‌కు గానీ సొంత కరెన్సీ లేదు, పతనం కావడానికి. రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం రాష్ట్రం దేశం లోపలే అప్పు చెయ్యాలి, కేంద్రానికి బాకీ ఉంటే దాని అనుమతీ కావాలి. ప్రపంచ బ్యాంకు అప్పులు కూడా కేంద్రం ద్వారానే వస్తాయి. పేపర్లలో మంగళవారాలు చూస్తుంటాం, ఆర్‌బీఐ వేలంలో రాష్ట్రం ఇన్ని వేల కోట్లు తెచ్చిందని. ఆ అప్పు రూపాయల్లోనే ఉంటుంది. కాబట్టి ఒక రాష్ట్రం అప్పు పెరిగినంత మాత్రాన బంకులో పెట్రోలు ఆగదు, మందుల ఓడ వెనక్కి పోదు.

అలాగని రాష్ట్రానికి ఏమీ కాదనడం కూడా పొరపాటు. ఇక్కడే ఆర్థికవేత్తలు రెండుగా చీలుతారు. కార్పొరేషన్ల పేరుతో, సర్కారు గ్యారంటీ మీద తెచ్చిన అప్పులు బడ్జెట్ లెక్కల్లో కనబడవు, వాటినీ విద్యుత్ సంస్థల బకాయిలనూ కలిపితే అసలు బరువు తెలుస్తుందని ఒక వర్గం హెచ్చరిస్తుంది. అప్పు ఎంత అన్నది కాదు, రాష్ట్ర ఆదాయంతో పోలిస్తే ఎంత, దేనికి ఖర్చుపెట్టారన్నదే చూడాలని రెండో వర్గం అంటుంది. కాలువ, రోడ్డు, బడి మీద పెట్టింది రేపు ఆదాయమై తిరిగొస్తుందన్నది వాళ్ల మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ వాదన ప్రభుత్వం మారినప్పుడల్లా మనుషులను మార్చుకుంటోంది, అందుకే జనానికి ఏది నమ్మాలో తెలియడం లేదు.

రాష్ట్రానికి డబ్బు కటకటైతే అది క్యూగా కనబడదు, వాయిదాగా కనబడుతుంది. ముందు కాంట్రాక్టరు బిల్లు ఆగుతుంది, ఆయన కింద మేస్త్రీకి, మేస్త్రీ కింద పాలమూరు నుంచి వచ్చిన కూలీకి ఆగుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటుంది. డీఏలు పేరుకుపోతాయి. ఆసుపత్రి ఆరోగ్యశ్రీ కేసు తీసుకోవడానికి వెనకాడుతుంది. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో ఇంటి తలుపు తడతాయి కాబట్టి టీవీలో క్యూలాగా చూపించడానికి ఏమీ ఉండదు.

నాకు తెలిసిన మాస్టారొకాయన ప్రభుత్వ బడిలో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. బిల్లు పాసైంది, టోకెన్ నంబరు పడింది, డబ్బు పడలేదు. కూతురి పెళ్లికి ఆ డబ్బే లెక్కేసుకున్నారు. మొన్న వాళ్లింటికి వెళ్తే టీపాయ్ మీద ఒక పాత నోటుపుస్తకం ఉంది. అందులో తేదీలు వేసి, ఆఫీసుకు ఎప్పుడెప్పుడు వెళ్లారో, ఎవరేం చెప్పారో గుండ్రటి చేతిరాతతో రాసుకున్నారు. చివరి పేజీలో ఉన్నది చేతి అప్పు లెక్క, నూటికి రెండు రూపాయల వడ్డీ.